తక్కెడ కింద చింతపండు

తక్కెడ పట్టడం మా మేనమామ కిరాణా కొట్లో నేర్చుకున్నాను. గుంటూరు జిల్లాలో ఓ చిన్న ఊరు, 1980ల మొదట్లో సంగతి. చెయ్యి వణక్కుండా పట్టుకుని ముల్లు నిలబడేదాకా ఆగాలి. నిలబడ్డాక సరుకు వైపు కాస్త మొగ్గేలా ఇంకో చిటికెడు వెయ్యాలి. ఆ మొగ్గు కొనేవాళ్ళది.

మా తక్కెడలో సరుకు పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించి ఉండేది. పాతిక గ్రాములుంటుందేమో. మామయ్య దాని ఊసెత్తలేదు, నేనూ అడగలేదు. ఓ మధ్యాహ్నం ఎండకి మెత్తబడి జారిపడింది. కొట్లో ఎవరూ లేరు. తీసి, మట్టి దులిపి, వేళ్ళతో నొక్కి మళ్ళీ అంటించాను. అంటించమని నాకెవరూ చెప్పలేదు.

అప్పట్నుంచి మనుషుల్ని చూసే తీరే మారిపోయింది. ముల్లు చూసేవాళ్ళెవరో, చూడనివాళ్ళెవరో గడప దగ్గరే పోల్చుకునేవాణ్ణి. చూసేవాళ్ళకి మొగ్గు వేసి సరిపెట్టేవాణ్ణి. సంచీ ఇచ్చి పంపిన పిల్లలకీ, డబ్బులు బల్లమీద పెట్టి నాతో కబుర్లు చెప్పే ముసలివాళ్ళకీ ముద్ద తూకం. నన్ను నమ్మినవాళ్ళ దగ్గరే తీశాను, నమ్మనివాళ్ళ దగ్గర గింజ కూడా తియ్యలేకపోయాను. నలభై ఏళ్ళయినా ఏ కొట్లో నిలబడ్డా నా చూపు కాటా అంకెల మీద ఆగదు, పళ్ళెం కిందికి పోతుంది. ఆ లాభంలో నాకు మిగిలింది ఈ చూపే.

మా చర్చిలో ఆడవాళ్ళు అన్నం వండబోయేముందు దేవుడికని పిడికెడు బియ్యం వేరే తీసేవాళ్ళు. వారమంతా పోగైంది ఆదివారం కానుకగా తెచ్చేవాళ్ళు. సంఘ పెద్ద ఆ బియ్యాన్ని సోమవారం మా కొట్టుకే అమ్మేవాడు. మొదటిసారి తూచబోతుంటే మామయ్య నెమ్మదిగా, "ఒరేయ్, పళ్ళేలు మార్చు" అన్నాడు. ముద్ద ఉన్న వైపు రాళ్ళు వేశాను, ఇటువైపు బియ్యం పోశాను. అమ్మినప్పుడు తగ్గించి ఇచ్చిన బియ్యమే, దేవుడి దగ్గరికి వెళ్ళి తిరిగొస్తే, ఇప్పుడు ఎక్కువ తీసుకున్నాం.

సంచిలో పెద్ద రాయీ చిన్న రాయీ రెండూ ఉంచుకోకూడదని బైబిల్లో, ద్వితీయోపదేశకాండంలో ఉంది. రెండెందుకో నాకు ఆ రోజు అర్థమైంది. ఒకటి కొనడానికి, ఒకటి అమ్మడానికి. హీబ్రూలో రాయికీ తూనికకీ ఒకటే మాట, ఎబెన్. మనమూ పడికట్టు రాళ్ళనే అంటాం. యూదయ తవ్వకాల్లో గుండ్రంగా నున్నగా చెక్కిన సున్నపురాతి తూనికలు దొరికాయి, షెకెలు అనే తూనిక సుమారు 11 గ్రాములు. మా కొట్లో రాళ్ళన్నిటికీ ప్రభుత్వ ముద్ర ఉండేది. ఒక్కటీ దొంగరాయి కాదు.

సువార్తలో జక్కయ్య ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. పన్ను వసూలు చేసేవాడు, ఎవరి దగ్గర ఎంత పట్టాడో ఎక్కడో రాసుకునే ఉంటాడు. చింతపండు ముద్దకి పద్దు ఉండదు. ఎవరికి ఎన్నిసార్లు తగ్గిందో నేనెలా చెప్పగలను?

కొట్టు మానేసి చదువుకి వెళ్ళే ముందు, మా వీధి చివర మామ్మ ఇంటికి పది కిలోల బియ్యం మోసుకెళ్ళాను. ఆమె ఏనాడూ ముల్లు చూసి ఎరగదు. "ఇదేంటయ్యా?" అంది. చెప్పాలనే వెళ్ళాను. నోరు రాలేదు. "కొసరు మామ్మా" అన్నాను.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ ఆమె కర్ర ఊతంతో లేచి నిలబడింది. ఈ రోజుల్లో కూడా ఇలాంటి బిడ్డను చూపించినందుకు దేవుడికి స్తోత్రం చెప్పింది. సంఘమంతా ఆమేన్ అంది. నేను వెనక చాప మీద తల దించుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు.