కింద ఇసుక, పైన మండపం

మా ముందరి అర్రలో ఆరు షాబాదు బండలు కుంగితే, దీనికి మేస్త్రీ ఎందుకని నేనే గడ్డపార పట్టాను. ఏ బండ ఎక్కడిదో మరిచిపోకుండా సుద్దముక్కతో నంబర్లు వేసుకున్నాను. మధ్యాహ్నం మా ఆవిడ ఇల్లు కడుగుతూ ఆ నంబర్లు కూడా కడిగేసింది. అన్నీ ఒకే కొలత బండలే కదా అనుకున్నాను గానీ, ఒక్కటీ కుదురుగా కూర్చోలేదు. ఒకదాని అంచు లేచింది, ఇంకోటి అడుగేస్తే ఊగింది. చివరికి పిలిపించిన మేస్త్రీ బండల వంక చూడనేలేదు. వంగి, కింది ఇసుకను పిడికిట్లోకి తీసుకుని నలిపాడు. ‘పైన ఏం లేదు సార్, అంతా కిందనే ఉంది’ అన్నాడు.

ఆ మాట మనసులో తిరుగుతుండగానే ఒకరోజు హనుమకొండ వేయిస్తంభాల గుడికి వెళ్లాను. నందికి అవతల ఉన్న కల్యాణ మండపంలో అడుగుపెట్టిన వాళ్లంతా తలెత్తి స్తంభాలు చూస్తున్నారు. నేను తల వంచుకుని నేల చూస్తూ తిరిగాను. ఏం పోయిందని వెతుకుతున్నారని ఒకాయన అడిగాడు కూడా.

గుడి కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించింది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుడులున్న త్రికూటం. మండపం మాత్రం కాలక్రమంలో కుంగి, స్తంభాలు ఒరిగిపోయాయి. పురావస్తు శాఖ వాళ్లు 2006 ప్రాంతంలో దాన్ని ఆసాంతం విప్పేశారు. ఆ తర్వాత పనులు సాగుతూ ఆగుతూ ఏళ్లు గడిచాయి. గుడికి వెళ్లిన ప్రతిసారీ స్తంభాలు, దూలాలు, కప్పు రాళ్లు ఆవరణలో వరసలు తీరి పడుకుని కనబడేవి. వరంగల్ పిల్లలు ఒక తరం మండపాన్ని చూడకుండానే డిగ్రీలు పూర్తిచేశారు. మళ్లీ తలుపు తెరుచుకున్నది 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు.

రాళ్లను విప్పడం కష్టమని అందరికీ తెలుసు. తిరిగి పేర్చడం ఎంత కష్టమో మాత్రం నా ఆరు బండల అనుభవం తర్వాతే నాకు అర్థమైంది. కాకతీయుల కట్టడంలో రాతికీ రాతికీ మధ్య సున్నం ఉండదు. పీఠం, కాండం, బోదె, దూలం ఒకదాని మీద ఒకటి తమ బరువుతో, తమ చెక్కుడుతో నిలబడతాయి. సిమెంటు గోడలో పొరపాటు జరిగితే మరో తాపీడు మాలుతో కప్పెయ్యవచ్చు. ఇక్కడ కప్పడానికి ఏమీ లేదు. స్తంభం అడుగున బెత్తెడు వెడల్పులో నూలుపోగంత తేడా వస్తే, పైన దూలం దగ్గరికి వెళ్లేసరికి అది వేలెడవుతుంది. ఒక స్తంభం వేలెడు ఒరిగితే దాని మీది దూలం పక్క స్తంభాన్ని నెడుతుంది. అది నక్షత్రాకారపు మండపం, వందకు పైగా స్తంభాలు. ఆ లెక్క కాగితం మీద వేసుకుంటేనే నాకు కళ్లు తిరిగాయి.

అందుకే నేల దగ్గరే ఆగిపోయాను. ఆ నేల కింద ఉన్నది ఇసుక. గొయ్యి తవ్వి ఇసుకతో నింపి, దాని మీద కట్టడం కాకతీయుల పద్ధతి. ఇవాళ ఇంజినీర్లు దాన్ని శాండ్‌బాక్స్ అంటున్నారు. ఇసుక మీద కట్టేవాణ్ణి లోకం తెలివితక్కువవాడి కింద జమకడుతుంది. కానీ నాలుగు వైపులా కదలకుండా బంధించిన ఇసుక మహా నమ్మకమైనది. నల్లరేగడిలా నీళ్లు తాగి ఉబ్బదు, ఎండకు నెర్రెలివ్వదు. మీద పడ్డ బరువును గింజ గింజకూ పంచేస్తుంది, భూమి అదిరితే తాను సర్దుకుని పైకట్టడాన్ని కాపాడుతుంది. దానికున్న శత్రువు ఒక్కటే, పక్కకు జారే సందు. ఆ సందు దొరికిందా, పైన స్తంభం ఒరుగుతుంది. మండపాన్ని తిరిగి నిలిపినప్పుడు కూడా ఇసుక పునాదే వేశారు. కాంక్రీటు పోసి చేతులు దులుపుకోవడం సులువు. అలా చేయకపోవడమే ఈ పనిలో నాకు అన్నింటికన్నా నచ్చింది.

విరిగిన రాళ్ల చోట కొత్తవి చెక్కి పెట్టారు. పాత రాయి శతాబ్దాల తాకిడికి నల్లగా నునుపుదేరి ఉంది. కొత్తది ఇంకా పచ్చిగా, బూడిదరంగులో మెరుస్తోంది. కొందరికి ఆ తేడా కంటికి ఇంపుగా లేదు. నాకు మాత్రం అదే నిజాయితీ అనిపించింది. కొత్త రాతికి నలుపు పూసి పాతదని నమ్మించి ఉంటే ఆ శిల్పి చేతిపని మనకు తెలిసేదే కాదు. నా వేలు పాత పీఠం మీంచి కొత్త కాండం మీదికి పాకినప్పుడు అతుకు దగ్గర గోరు దిగలేదు. రసమట్టం, తూకంగుండు పట్టుకుని ఆ అతుకు దగ్గర ఎన్ని పూటలు కూర్చున్నారో వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా చెక్కలేదు.

దీన్ని చూశాక రామప్పకు కూడా వెళ్లండి, డెబ్బై కిలోమీటర్ల లోపే. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడ రంగమండపంలో నేల అలలు అలలుగా లేచీ కుంగీ ఉంటుంది. అంత కుంగినా గుడి నిలబడే ఉంది. ఒకే పద్ధతిలో వేసిన రెండు నేలలు, ఒకటి ఎనిమిది వందల ఏళ్లు నలిగినది, ఇంకొకటి మన కళ్లముందు తిరిగి పేర్చినది. రెండింటినీ ఒకే రోజు, చెప్పులు విడిచి, అరికాళ్లతో చూడండి.