పొక్కులు మానాక

కొంతకాలంగా నా జాకెట్లన్నీ కుట్లు బయటికి ఉండేలా కుట్టించుకుంటున్నాను. లైనింగ్ ఉండదు. మా టైలరమ్మాయి మొదట ఒప్పుకోలేదు. "ఆంటీ, కుట్లు పైకి కనిపిస్తే నన్నే అంటారు" అంది. ఎడమ రొమ్ము కింద నుంచి వెన్నుదాకా బెత్తెడు మేర, ఎక్కడ దారం కొస రాసుకున్నా మంట లేస్తుందని చెప్పాను. మర్నాడు మెత్తబడిన పాత మల్లు గుడ్డతో ఒకటి కుట్టి తెచ్చి, తొడుక్కుని చూడమని అక్కడే నిలబడింది. నొప్పి కంటికి కనబడకపోయినా నమ్మిన మనిషి ఆమె. ఆ నమ్మకం ఎంత పెద్ద ఊరటో ఈ జబ్బు వచ్చాకే తెలిసింది.

మన ఊళ్లలో దీన్ని అక్కి అంటారు, సర్పి అంటారు. ఆసుపత్రిలో హెర్పిస్ జోస్టర్ అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోస్తే వేపమండలు పరిచి పడుకోబెడతారు, తగ్గాక నీళ్లు పోస్తారు, అమ్మవారు వెళ్లిపోయిందనుకుంటారు. వైరస్ మాత్రం వెళ్లదు. వెన్నెముకకు అటూ ఇటూ నరాల మొదళ్లలో ఏళ్లకేళ్లు అణిగి ఉంటుంది. వయసు మీదపడో, మరో జబ్బు వల్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు లేచి, ఒక నరం వెంబడి చర్మందాకా వస్తుంది. కుడిపక్క నరాలు వేరు, ఎడమపక్క నరాలు వేరు. అందుకే పొక్కులు సాధారణంగా ఒక పక్కనే, పట్టీ కట్టినట్టు లేస్తాయి. నడుము చుట్టూ రెండు కొసలూ కలిస్తే మనిషి దక్కడన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. దానికి ఆధారం లేదు.

పాత వైరసే లోపల దాగి మళ్లీ లేస్తుందని 1965లో గట్టిగా వాదించినవాడు ఇంగ్లండ్‌లోని సిరెన్‌సెస్టర్ అనే చిన్న పట్టణంలో ప్రాక్టీసు చేసిన ఎడ్గార్ హోప్-సింప్సన్. మామూలు కుటుంబ వైద్యుడు. తన దగ్గరికొచ్చిన రోగుల వివరాలు ఏళ్ల తరబడి ఓపిగ్గా రాసిపెట్టుకున్నాడు. వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు ఎక్కువవుతోందని ఆ రాతల్లోనే తేలింది. రోగి చెప్పింది విని రాసుకునే డాక్టరంటే నాకు గౌరవం. ఇప్పుడు ఆ గౌరవం ఇంకా పెరిగింది.

నాకు పొక్కులు లేచిన మర్నాడే మందు మొదలుపెట్టారు. 72 గంటల లోపు మొదలైతే పొక్కులు త్వరగా మానుతాయి, అప్పటి నొప్పి నెమ్మదిస్తుంది. తర్వాత నొప్పి మిగలదన్న హామీ మాత్రం లేదు. మూడు నెలలు దాటినా తగ్గని ఈ నొప్పికి పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అని పేరు. పెద్ద వయసువాళ్లకు, మొదట్లోనే నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లకు మిగిలిపోయే అవకాశం ఎక్కువ. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, చూడటానికి వచ్చే చుట్టాలు "ముందే చూపించుకోలేదా?" అని ఒకసారి, "అక్కి రాయించలేదా?" అని ఒకసారి అడుగుతారు. కుమ్మరి చేత ఎర్రమట్టి రాయించుకుంటే ఆ చల్లదనానికి ఆ పూట హాయిగా ఉండొచ్చు. నమ్మినవాళ్లను నేనేమీ అనను. కానీ దెబ్బతిన్నది లోపలి నరం, మట్టి అక్కడిదాకా పోదు. పచ్చి పొక్కుల మీద రాస్తే చీము పట్టే ప్రమాదం కూడా ఉంది.

ఈ నొప్పితో రోజు గడపడం పనిగట్టుకుని నేర్చుకోవాల్సిన విద్య. నరం పాడయ్యాక మామూలు తాకిడికీ దెబ్బకీ దానికి తేడా తెలియదు. ఫ్యాన్ గాలికి పైట కదిలితే చాలు, చర్మం భగ్గుమంటుంది. అదే చోట అరచెయ్యి ఆనించి గట్టిగా అదిమితే కాస్త నెమ్మదిస్తుంది. అందుకే బయటికి వెళ్లేటప్పుడు మెత్తటి గుడ్డ ఒకటి ఒంటికి బిగించి చుట్టుకుంటాను. వదులు బట్టకంటే కదలని బట్ట నయం. స్నానానికి చెంబుతో నీళ్లు నెమ్మదిగా పోసుకోవాలి, షవర్ చినుకులు భరించలేను. ఆటోలో ఎడమపక్కన ఎవరూ కూర్చోకుండా చూసుకుంటాను. పొద్దు వాలాక మంట పెరుగుతుంది కాబట్టి వంట, రాత పొద్దున్నే ముగిస్తాను. మనసు పెట్టి చేసే పని ఏదైనా చేతిలో ఉంటే నొప్పి కొంత వెనక్కి తగ్గుతుంది. తగ్గినట్టు అనిపించడం కూడా తగ్గడమే.

డాక్టరుకు "నొప్పిగా ఉంది" అని ఊరుకుంటే సరిపోదు. ఎడతెగని మంట వేరు, ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టు వచ్చే పోటు వేరు, బట్ట తగిలితే వచ్చేది వేరు. ఏది ఎప్పుడు వస్తోంది, నిద్ర చెడుతోందా అన్నది చిన్న పుస్తకంలో రాసుకుని వెళితే మందు మోతాదు మార్చడం ఆయనకు తేలిక. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ ఫిట్స్‌కూ వాడతారు. అమిట్రిప్టిలిన్ దిగులు జబ్బుకు వచ్చిన మందు. ఇవే నరాల నొప్పికీ ఇస్తారు. పేరు చూసి ఇంట్లోవాళ్లు కంగారుపడతారు, "నీకు మనసు బాగాలేదా?" అంటారు. ఈ మందులు తక్కువ మోతాదుతో మొదలై మెల్లగా పెరుగుతాయి. మొదట్లో మత్తుగా, తల తిరిగినట్టు ఉంటుంది, పెద్దవాళ్లు రాత్రిపూట లేచేటప్పుడు గోడ పట్టుకోవాలి. డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా మానెయ్యకూడదు. లిడోకైన్ పట్టీ మరో ఆసరా. మానిన చర్మం మీదే అంటించాలి, రోజులో 12 గంటలకు మించి ఉంచకూడదు.

ఇంకో మందు మన మిరపకాయలోనే ఉంది. దాని ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్‌తో చేసిన పూతలు, పట్టీలు ఈ నొప్పికి వాడతారు. కారాన్నీ కాల్చే వేడినీ నరాలు ఒకే ద్వారం గుండా పసిగడతాయని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. ఆ పరిశోధనకు ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. క్యాప్సైసిన్ మొదట మండించి, తర్వాత ఆ నరాల కొసలను కొంతకాలం మొద్దుబారుస్తుంది. గుంటూరు కారం తిని పెరిగిన నాకు ఇది చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. అలాగని ఇంట్లో కారం నూరి పూసుకోకండి, చర్మం కాలుతుంది.

ఇప్పుడు ఈ జబ్బుకు టీకా ఉంది. షింగ్రిక్స్ 2023లో మన దేశానికి వచ్చింది. 50 దాటినవాళ్లకు రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు వేస్తారు. ఆ వయసువాళ్ల మీద జరిపిన పరీక్షల్లో 90 శాతానికి పైగా రక్షణ ఇచ్చింది. నాకు మిగిలిన నొప్పిని అది తీసెయ్యలేదు, ఇంకొకరికి రాకుండా ఆపగలదు. ధర మాత్రం పింఛను మీద బతికేవాళ్లకు అందదు. పెద్దవాళ్లకు దీన్ని ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వెయ్యాలి.

ఈలోగా మీ ఇంట్లో ఎవరికైనా ఒంటికి ఒక పక్కనే మంట పుట్టి, ఆ దారినే పొక్కులు లేస్తే మూడు రోజులు దాటనివ్వకుండా డాక్టరుకు చూపించండి. నుదుటి మీదో కంటి దగ్గరో అయితే ఆ రోజే తీసుకెళ్లండి. పొక్కులు మానాక కూడా నొప్పి అంటే నమ్మండి.