రాధికాసాంత్వనము: విమర్శ, నిషేధము

ఒక కావ్యము చదువదగినదా, కాదా యని నిర్ణయించు అధికారమెవరిది? విమర్శకునిదా, పాఠకునిదా, ప్రభుత్వమునదా? ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనపు ముద్రణచరిత్ర ఈ ప్రశ్నను మన యెదుట నిలుపుచున్నది.

ముద్దుపళని 18వ శతాబ్దిని తంజావూరేలిన ప్రతాపసింహుని (1739-1763) ఆస్థానమందలి కవయిత్రి. తాను పెంచిన ఇళాదేవిని శ్రీకృష్ణున కిచ్చి పెండ్లిచేసిన రాధ పిదప ఈర్ష్యాదుఃఖముల పాలగుటయు, కృష్ణు డామెను అనునయించుటయు ఇందలి ఇతివృత్తము. స్త్రీ యభిలాషను స్త్రీయే చెప్పుట ఈ శృంగారప్రబంధమునకు విశేషము. వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున ఈమె పాండిత్యమును మెచ్చియు, శృంగారవర్ణనలను తీవ్రముగా గర్హించిరి.

1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు ఈ కావ్యమును పరిష్కరింపగా వావిళ్లవారు ప్రకటించిరి. వైజయంతీవిలాసమును స్వయముగా పరిష్కరించిన పంతులుగారికి ఈ కావ్యమొక్కటియే దూష్యమెట్లయ్యెనని ఆమె వాదము. ఇంతవరకు జరిగినది సాహిత్యవివాదము. ఇరుపక్షముల వాదములను, మూలగ్రంథమును ముందుంచుకొని పాఠకుడు స్వయముగా తీర్పు చెప్పుకొనగలిగెను.

1911లో అశ్లీలమను ఆరోపణపై ప్రభుత్వము కలుగజేసికొనినది, ప్రతులు స్వాధీనము చేసికొనబడినవి, గ్రంథము నిషిద్ధమైనది. విమర్శకుడు చదువవలదన్నను గ్రంథము పాఠకుని చేతిలోనే యుండును. ప్రభుత్వము వలదన్నచో గ్రంథమే కనుమరుగగును. అప్పుడు పంతులుగారి గర్హణము సమంజసమో, నాగరత్నమ్మగారి సమర్థనము సమంజసమో తేల్చుటకు ఆధారమే లేకపోవును. కావున నిషేధమువలన ముందుగా నష్టపడినది విమర్శయే.

బాలుర మేలుకోరి ఇట్టి కట్టుబాట్లు అవసరమని కొంద రనవచ్చును. ఒక గ్రంథమును పాఠ్యముగా నియమింపకుండుట వేరు; వయోజనులెవ్వరును చదువకుండ జేయుట వేరు. మొదటిది విద్యావివేకము, రెండవది వ్యక్తి వివేకముపై అపనమ్మకము.

టంగుటూరి ప్రకాశము పంతులుగారి చొరవచే 1947 ప్రాంతమున నిషేధము తొలగినది. 1952లో కావ్యము పునర్ముద్రితమైనది. అశ్లీలతను శిక్షించు చట్టమున సాహిత్యప్రయోజనమునకు స్పష్టమైన మినహాయింపు 1969 సవరణతోగాని చేరలేదు. అనగా 1911 నాటి శాసనమునకు ఈ కావ్యము గుణమును విచారింపవలసిన నిర్బంధమే లేదు.

నేడు ఈ కావ్యమును మెచ్చువారును గలరు, మెచ్చనివారును గలరు. ఆ భేదాభిప్రాయమునకు మరల చోటు దొరకుటయే నిషేధము తొలగుటవలన గలిగిన ఫలము. పరిశోధకుడు రెంటిలో దేనిని సమర్థించినను, కావ్యమును తాను చదివి సమర్థింపవలయును.