చుట్ట చుట్టే చేతులు

క్యూబా చుట్టకు దక్కిన కీర్తిలో సగం పినార్ దెల్ రియో ప్రాంతపు నేలది, మిగతా సగం దానిని చుట్టే పనివారిది. లోపల పొడవునా పేర్చే ఆకులు, వాటిని పట్టి ఉంచే నడిమి ఆకు, అందానికీ రుచికీ చుట్టే పలుచని పై ఆకు అనే మూడు పొరలతో తయారయ్యే ఈ చుట్టలో, మొక్క కొన దగ్గర ఎండ సోకి ముదిరిన ‘లిహేరో’ అనే ఆకు ఘాటునిస్తుంది. అది నిదానంగా కాలుతుంది కనుక పనివారు దానిని సరిగ్గా నడుమకు వచ్చేటట్టు పేరుస్తారు. మరీ బిగిస్తే పొగ ఆడదు, వదులైతే చుట్ట త్వరగా కాలి వేడెక్కి చేదు తేలుతుంది. ఆ తూకం వేళ్లకు పట్టుబడవలసిందే. పై ఆకును కోయడానికి ‘చవేత’ అనే వంపుకత్తి ఒక్కటే చాలు.

విప్లవం తరువాత క్యూబాను వీడిన సాగుదారులు, వ్యాపారులు ఈ విద్యను డొమినికన్ రిపబ్లిక్, నికరాగ్వా, హోండురాస్‌లకు తీసుకుపోయారు. డొమినికన్ చుట్టలు సాధారణంగా మెత్తన, నికరాగ్వాలోని ఎస్తెలీ ఆకు మిరియపు ఘాటు. గోదావరి లంకపొగాకుకు అలవాటుపడిన నాలుకకు మొదటివి చప్పగా తోచినా ఆశ్చర్యం లేదు. పొగ హానికరమన్నది నిర్వివాదమే అయినా, పనితనం విషయంలో మాత్రం చుట్టకు వేసిన కాగితపు పట్టీ మీది దేశం పేరు కన్నా చుట్టిన చేతికే పెద్దపీట వేయాలి.