మిస్ జేన్ పిట్‌మన్ ఆత్మకథ: నవలయు, చలనచిత్రమును

చరిత్రగ్రంథములందు రాజుల పేరులును, యుద్ధముల తేదీలును, శాసనముల సంఖ్యలును కానవచ్చును. శాసనముచే దాస్యము వీడిన యొక స్త్రీ మఱునాటి యుదయమున నేమి తిన్నదో, ఏ దారిని నడచినదో, ఎవరిని జూచి భయపడినదో యందు కానరాదు. ఈ కొఱతను తీర్చుటకు అమెరికాదేశపు నల్లజాతి రచయిత ఎర్నెస్ట్ గెయిన్స్ 1971లో “మిస్ జేన్ పిట్‌మన్ ఆత్మకథ” యను నవలను ప్రకటించెను. జాన్ కోర్టీ దానిని చలనచిత్రముగా తీయగా, సి.బి.యస్. టెలివిజన్ సంస్థ 1974 జనవరి 31వ తేదీన ప్రసారము చేసెను. ఆ చిత్రమునకు తొమ్మిది ఎమ్మీ బహుమానములు వచ్చినవి. బహుమానములు గుణమునకు సాక్ష్యమిచ్చునేగాని తీర్పు చెప్పజాలవు. కావున నవలనుండి చిత్రమేమి గైకొన్నదో, ఏమి మార్చినదో, ఆ మార్పు ఉచితమో కాదో విచారింతము.

కథ యిది. లూయిజియానా రాష్ట్రమందలి యొక తోటలో టైసీ యను బానిసపిల్ల యుండెను. అంతర్యుద్ధకాలమున నా దారిని వచ్చిన సైనికులకు నీరు మోసి యిచ్చుట ఆమె పని. ఉత్తరసేనలోని యొక సైనికుడు టైసీ యనునది బానిస పేరని చెప్పి, తన కూతురి పేరైన జేన్ అను పేరు నామెకిచ్చిపోయెను. ఆ పేరు విడువనన్నందుకు యజమానురాలు కొట్టెను. పిల్ల పేరు విడువలేదు. విముక్తి వచ్చిన పిదప బయలుదేరిన గుంపును దుండగులు దారిలో చంపివేయగా, జేనును, తల్లిని గోల్పోయిన నెడ్ అను బాలుడును మాత్రము మిగిలిరి. ఇరువురును ఒహాయో రాష్ట్రమునకు పోవలెనని నడక సాగించిరి. ఆమె లూయిజియానా సరిహద్దు నెన్నడును దాటలేదు. పెంచిన నెడ్ పెద్దవాడై పాఠశాల పెట్టి, పిల్లలకు స్వాభిమానమును బోధించినందుకు హతుడయ్యెను. భర్త జో పిట్‌మన్ లొంగని గుఱ్ఱమును లొంగదీయబోయి మరణించెను. నూఱేండ్లు దాటినపిమ్మట, ఊరివారందఱు తమ నాయకుడగునని పెంచుకొన్న జిమ్మీయు హతుడయ్యెను.

గెయిన్స్ 1933లో లూయిజియానాలోని యొక తోటలోనే జన్మించెను. నడువలేని బంధువురా లొకతె యతనిని పెంచెను. పదునైదవ యేట కాలిఫోర్నియాకు పోయి, అచ్చటి గ్రంథాలయమున తనవారినిగూర్చిన కథలు వెదకి, దొరకక, తానే వ్రాయ బూనుకొనెను. 1936 మొదలు 1938 వఱకు ప్రభుత్వోద్యోగులైన రచయితలు బ్రతికియున్న పూర్వపు బానిసలయొద్దకు పోయి సేకరించిన వాఙ్మూలములు రెండువేలకు పైగా కలవు. గెయిన్స్ వానిని చదివి యా మాటతీరు నేర్చెను. జేన్ మాటాడునది తోటలోని కూలివాండ్ర భాష. దానిని వ్యాకరణశుద్ధము చేసినయెడల ఆమె నోరు కట్టివేసినట్లే యగును. గ్రంథభాషలో వ్రాయుచున్న మేమే యీ మాట చెప్పుచున్నాము. ఆ భాషాబలము చేతనే పెక్కురు పాఠకులు జేన్ నిజముగా జీవించిన స్త్రీయని భ్రమించిరి. కల్పితకథకు ఇంతకంటె పొగడ్త యేమి కావలెను?

ఇక చిత్రము. సిసిలీ టైసన్ యౌవనమునుండి నూటపది యేండ్ల వార్ధకము వఱకు నాయికను తానే యభినయించెను. స్టాన్ విన్‌స్టన్, రిక్ బేకర్ అను వారు కూర్చిన వేషము ప్రసిద్ధికెక్కినది. అయినను మన ఆలంకారికులు చెప్పు ఆహార్యము, సాత్త్వికము అను భేదమిచ్చట బాగుగా తెలియుచున్నది. చర్మముపై ముడుతలు పెట్టుట వేషకారుని పని. ఆ ముడుతల వెనుక కన్నులు మాత్రము ముదియక యుండుట నటి పని. వృద్ధురాలు మాట నడుమ ఆగినప్పుడు మఱచి యాగినట్లుండదు. చెప్పుటయా, మానుటయా యని యెంచుకొనుచున్నట్లుండును. వినువాడు తన్ను ప్రశ్నించుచున్నాడనుకొనును గాని, నిజమునకామెయే యతనిని పరీక్షించుచున్నది.

ఆ వినువాని విషయమున చిత్రమునకును మాకును చుక్కెదురు. నవలలో ఆమెకథను సేకరించువాడొక చరిత్రోపాధ్యాయుడు. ఉన్న పుస్తకములు చాలవా యని యడిగినవారికి, వానిలో జేన్ లేదని యతడు చెప్పు సమాధానమే ఆ గ్రంథమునకు మూలస్తంభము. చిత్రములో నాతని స్థానమున 1962లో వచ్చిన యొక శ్వేతజాతి పత్రికారచయితను నిలిపిరి. నాటి ప్రేక్షకులలో శ్వేతజాతివారధికులు గావున, వారి ప్రతినిధి యొకడు కథలో నుండవలెనని తలచియుందురు. తలపు వ్యాపారమునకు సరిపోవును, కథకు సరిపోదు. ఉపాధ్యాయుడు తన పిల్లలకు చెప్పుటకై వినును. పత్రికారచయిత ప్రచురించుటకై వినును. మొదటివానికది యింటి అప్పు. రెండవవానికది దొరికిన సరకు. ఎవరికై చెప్పబడినదను దానిని బట్టి కథ యర్థము మాఱును.

రెండుగంటలకు లోబడిన చిత్రమున నూఱేండ్ల కథ యిమిడ్చినందున ఘట్టములు కొన్ని పూసలవలె విడివిడిగా మిగిలినవి. అయినను ఒక సత్యమును చిత్రము చెడగొట్టలేదు. 1865లో రాజ్యాంగసవరణ బానిసత్వమును రద్దుచేసెను. 1877లో కేంద్రసేనలు దక్షిణమునుండి తొలగగా పాతయధికారము తిరిగివచ్చెను. 1896లో, లూయిజియానాలో పుట్టిన వ్యాజ్యెములోనే, వేఱుగా నుంచినను సమానమే యను సూత్రమును అత్యున్నతన్యాయస్థానము ఆమోదించెను. పాఠశాలల విషయమున దానిని త్రోసివేయుటకు 1954 వఱకు పట్టెను. ఈ తేదీలను వల్లించిన విద్యార్థికి చరిత్ర మెట్లెక్కుచున్నట్లు తోచును. జేన్ జీవితమును చూచినవానికి మెట్టెక్కినవారు మరల పడద్రోయబడుట కనబడును. నెడ్‌ను చంపిన వాడెవడు? ఆమెతో గూర్చుండి చేపలు పట్టి, ఆమె కాచిన కాఫీ త్రాగిన పొరుగువాడే. ద్వేషముతో చంపినవానికంటె, ఆజ్ఞ వచ్చినదని చంపిన యీ స్నేహితుడు భయంకరుడు. అన్యాయము క్రూరుల వలననే నిలుచుననుకొను వారికిది కనువిప్పు.

ఇప్పుడు ముగింపు. నవలలో జిమ్మీ మరణవార్త విన్న జేన్, ఊరేగింపునకు పోవుటకై బయలుదేరి, దారిలో నిలిచిన భూస్వామి నెదుర్కొని, అతనివంక చూచి, అతనిని దాటి పోవును. అంతటితో కథ యాగును. చిత్రములో ఆమె పట్టణమునకు వచ్చి, రక్షకభటులు చూచుచుండగా, శ్వేతజాతివారికి మాత్రమే యని వ్రాసియున్న త్రాగునీటి కొళాయివఱకు కఱ్ఱ పోటుతో మెల్లగా నడచి, నీరు త్రాగి, మఱలిపోవును.

వ్యంగ్యముగా నున్నదానిని వాచ్యము చేసి చెడగొట్టిరని యొక యాక్షేపము. ఆమె నీరు త్రాగగానే ప్రేక్షకుడు కన్నులు తుడుచుకొని, న్యాయము జరిగినదని తృప్తుడై నిద్రపోవునని మఱియొకటి. రెండవదే గట్టిది. చూపఱకు ఊరట యిచ్చుటకై పీడితుల కథ చెప్పుట కళకే కాదు, నీతికిని దోషము. భూస్వామిని దాటిపోవుటలో భూమి, కూలి, కొంప యన్నియు నిమిడియున్నవి. కొళాయి యొద్ద గుటకలో అవి యన్నియు నిమడవు.

అయినను మా తీర్పు చిత్రమువైపే మొగ్గుచున్నది. హేతువు నవలయందే కలదు. కథారంభమున బానిసపిల్ల యొరులకు నీరు మోసినది. ఆ దప్పిక తీర్చినందుకే ఆమెకు పేరు దొరకినది. కథాంతమున నా పేరుగల స్త్రీ తన దప్పిక తాను తీర్చుకొన్నది. తెచ్చిపెట్టిన చమత్కారము కాదిది. బీజమునకు తగిన ఫలము. అదియుగాక, నటి ముఖమున విజయగర్వము లేదు. అది 1962, పౌరహక్కుల శాసనము 1964లో గాని రాలేదు. ఆమెకు తోడుగా చట్టము లేదు, వెనుక సైన్యము లేదు. జిమ్మీ తిరిగి రాడు. తృప్తుడై నిద్రపోవు ప్రేక్షకుడు ఆ నడకను చూడలేదన్నమాట.

1927లో మహాడ్ చెఱువున అంబేడ్కర్ దోసిలితో నీరు త్రాగుట నెఱిగిన మనకు ఈ ఘట్టమున వ్యాఖ్యాత యవసరము లేదు. వర్ణభేదమును, జాతిభేదమును ఒక్కటేయని మేమనము. వాని పుట్టుక వేఱు, పోకడ వేఱు. కాని దాహమునకు హద్దు గీయు బుద్ధి రెండుచోట్లను ఒక్కటే.

గెయిన్స్ 2019లోను, టైసన్ 2021లోను గతించిరి. 1936 మొదలు 1938 వఱకు వాఙ్మూలమిచ్చిన వృద్ధులలో నేడొక్కరును లేరు. ఎవరో సకాలమున పోయి వినుటచేతనే వారి మాట నిలిచినది. గ్రంథములలో లేని మనుష్యులు మన యూళ్లలోను గలరు. వారు ముసలివారు; వారు వేచియుండజాలరు. పాఠశాలలో చరిత్ర చెప్పువారు ఈ నవలను చదివినను, ఈ చిత్రమును చూచినను, ముందుగా గ్రహింపవలసినది యిదియే.