పన్నెండో తరగతి నుంచి వెనక్కి నడిచిన ప్రణాళిక

ప్రభుత్వ ప్రణాళికా పత్రాల్ని మెచ్చుకునే అలవాటు మనకు లేదు. అట్ట మీద నవ్వుతున్న పిల్లల ఫొటో, లోపల పేజీకి నాలుగుసార్లు 'సమగ్రాభివృద్ధి', చివర ఎవరూ జవాబు చెప్పక్కర్లేని లక్ష్యాలు. అలాంటివి చదివి విసిగిపోయినవాళ్లకు మోంట్‌గొమరీ కౌంటీ బడుల ప్రణాళిక ఇంకాస్త ఎక్కువ నచ్చుతుంది. పేరు 'అవర్ కాల్ టు యాక్షన్'. పేరులో ఏమీ లేదు, అలాంటి పేర్లు ఎవరైనా పెడతారు. పనితనమంతా లోపలి అల్లికలో ఉంది.

మోంట్‌గొమరీ కౌంటీ అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, వాషింగ్టన్ నగరాన్ని ఆనుకుని ఉంటుంది. కౌంటీ మొత్తం ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్. మన డీఈవో ఆఫీసు పైనుంచి వచ్చిన ఉత్తర్వుల్ని అమలు చేస్తుంది. అక్కడ అలా కాదు. జనం ఎన్నుకున్న స్కూల్ బోర్డు ఉంటుంది, ఆ బోర్డే సూపరింటెండెంట్‌ని ఉద్యోగంలో పెట్టుకుంటుంది. (బోర్డులో ఒక సభ్యుడు విద్యార్థే, అతన్ని ఎన్నుకునేదీ విద్యార్థులే. మన దగ్గర ఈ మాట ఎత్తితే నవ్వుతారేమో.) డబ్బు మాత్రం కౌంటీ కౌన్సిల్ ఇవ్వాలి. కాబట్టి ప్రణాళిక రాసేవాడు పిల్లల గురించి ఎంత ఆలోచించాలో పన్ను కట్టేవాళ్ల గురించీ అంత ఆలోచించాలి.

1999 ఆగస్టులో జెర్రీ వీస్ట్ నార్త్ కరోలినా నుంచి అక్కడికి సూపరింటెండెంట్‌గా వచ్చారు. బయటివాళ్ల దృష్టిలో అది సంపన్నుల కౌంటీ, పేరున్న బడులు. వీస్ట్ చేసిన మొదటి పని ఒక మ్యాపు గీయించడం. పేదరికం, వలస కుటుంబాలు, నల్లజాతి, లాటినో పిల్లలు ఎక్కువగా ఉన్న బడులు కౌంటీ నడుమ ఒక గుంపుగా తేలాయి. దానికి ఎరుపు రంగు వేశారు. చుట్టూ ఉన్న సంపన్న ప్రాంతానికి ఆకుపచ్చ. ఎర్ర ప్రాంతంలో దాదాపు అరవై ప్రాథమిక పాఠశాలలు ఉన్నాయి. అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని సంగతి గోడకెక్కింది.

మ్యాపు గీయడం సులువే, దాని వెనక డబ్బు నడిపించడమే కష్టం. ఎర్ర ప్రాంతపు బడులకు దాదాపు 6 కోట్ల డాలర్లు అదనంగా మళ్లించారు. అక్కడ కిండర్‌గార్టెన్ తరగతిలో పదిహేను మంది, ఒకటి రెండు తరగతుల్లో పదిహేడు మంది పిల్లలే ఉండేలా చూశారు. రోజంతా నడిచే కిండర్‌గార్టెన్‌ని ముందు అత్యంత పేద బడుల్లో మొదలుపెట్టి, తర్వాతే మిగతావాటికి ఏటేటా విస్తరించారు. ఎక్కువ పన్ను కట్టే ఆకుపచ్చ ప్రాంతం దీన్ని ఎందుకు ఒప్పుకుంది? జవాబు పత్రం ఉపశీర్షికలోనే ఉంది. అందరికీ స్థాయి పెంచడం, పిల్లల మధ్య అంతరం తగ్గించడం, ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కట్టేశారు. మీ దగ్గర తీసి వాళ్లకు పెడతాం అనే ధ్వని ఎక్కడా రానివ్వలేదు. ఇది రాజకీయం కాదా అంటే రాజకీయమే. కౌన్సిల్ ఓటు పడకపోతే ఆ పదిహేను మంది తరగతి ఎప్పటికీ కాగితం దాటేది కాదు.

ఇక నన్ను బాగా ఆకట్టుకున్న భాగం. మన ఇళ్లలో పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక పనులన్నీ అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటాం. వీస్ట్ బృందం సరిగ్గా అదే చేసింది. 2014 నాటికి ఉత్తీర్ణులయ్యేవాళ్లలో 80 శాతం మంది కాలేజీ చదువుకు సిద్ధంగా ఉండాలన్నది ముహూర్తం. 'సిద్ధంగా' అంటే ఏమిటో ఊహకు వదిలిపెట్టలేదు. కాలేజీ ప్రవేశ పరీక్షలైన శాట్‌లో అప్పటి 2400కి 1650, లేదా యాక్ట్‌లో 24. అక్కణ్ణుంచి వెనక్కి నడవడం మొదలైంది. ఆ మార్కు రావాలంటే హైస్కూల్లో ఉండగా కాలేజీ స్థాయి పాఠాల మీద పెట్టే ఒక ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలో కనీసం 3, లేదా ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియట్) పరీక్షలో 4 వచ్చి ఉండాలి. దానికి పదకొండో తరగతికల్లా ఆల్జీబ్రా-2 'సి' గ్రేడుతో పూర్తి కావాలి. దానికి ఎనిమిదికల్లా ఆల్జీబ్రా-1. దానికి ఐదో తరగతిలోనే ఆరో తరగతి లెక్కలు. ఇంకా వెనక్కి వెళితే, మూడు నుంచి ఎనిమిది దాకా రాష్ట్ర పరీక్షలో చదవడంలో పై శ్రేణి. అన్నిటికీ మొదట్లో, రెండో తరగతి దాటకముందే వయసుకు మించిన పుస్తకం చదవగలగడం. వీటినే 'ఏడు తాళంచెవులు' అన్నారు.

ఈ గొలుసులో ప్రతి కొక్కేనికీ ఒక తరగతి గది ఉంది. కిండర్‌గార్టెన్ టీచరుకు డిస్ట్రిక్ట్ లక్ష్యం 'విద్యాప్రమాణాలు పెంచడం'గా కనిపించదు, తన గదిలోని ఫలానా పిల్లవాడు ఈ మే నెలకు ఏ స్థాయి పుస్తకం చదవాలన్నదిగా కనిపిస్తుంది. హైస్కూల్లో పదో తరగతి పిల్లలందరి చేతా శాట్‌కి సన్నాహంగా రాసే పీశాట్ రాయించి, ఆ మార్కుల్ని బట్టి ఏపీ తరగతుల్లో కూర్చోగలిగీ కూర్చోని పిల్లల్ని వెతికారు. కౌన్సెలర్ కంటపడని పిల్లవాడి పేరు ఆ జాబితాలో బయటపడేది. 2010లో డిస్ట్రిక్ట్‌కి బాల్డ్రిజ్ జాతీయ నాణ్యతా పురస్కారం వచ్చింది.

అయితే లెక్కల కొక్కేలు మిగతావాటంత గట్టివి కావు. ఐదో తరగతికే ఆరో తరగతి లెక్కలన్న అంకె బడుల మీద పడేసరికి, పునాది పాఠాలు దాటించి పిల్లల్ని ముందుకు నెట్టడం మొదలైంది. 2010లో లెక్కల మీద డిస్ట్రిక్ట్ తానే వేసుకున్న కమిటీ ఆ తొందర తగ్గించమని చెప్పింది. చదవడం విషయంలో ముందడుగు ముందడుగే. లెక్కల్లో భిన్నాలు రాకుండా బీజగణితానికి దూకితే ఆ గొయ్యి తర్వాత బయటపడుతుంది. గొలుసు గీసినవాళ్లు రెంటినీ ఒకే కొలతతో కొలిచారు.

ఇంత వివరంగా గీసిన ప్రణాళిక ఏ బడిలోనైనా టీచరు దగ్గర ఆగిపోవచ్చు. అలా ఆగకుండా 2000లో ఉపాధ్యాయ యూనియన్‌తో కలిసి ఒక పద్ధతి తెచ్చారు. పేరు పీర్ అసిస్టెన్స్ అండ్ రివ్యూ. కొత్తగా చేరినవాళ్లకూ, పని బాగాలేదని తేలినవాళ్లకూ ఒక అనుభవజ్ఞుడైన టీచర్ని తోడిస్తారు. ఆయన వాళ్ల క్లాసుల్లో కూర్చుంటాడు, పాఠం ఎలా తయారు చేసుకోవాలో చూపిస్తాడు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ తన తరగతికే వెళ్లిపోతాడు కాబట్టి అధికారిగా మారిపోడు. సాయం చేసినా మెరుగుపడకపోతే పదహారు మంది ప్యానెల్ తేలుస్తుంది. ఎనిమిది మంది టీచర్లు, ఎనిమిది మంది ప్రిన్సిపాళ్లు. పదకొండేళ్లలో ఆ ప్యానెల్ దాదాపు 200 మందిని తీసేయమని ఓటు వేసింది, మరో 300 మంది దాకా వాళ్లంతట వాళ్లే తప్పుకున్నారు. అంతకుముందు పదేళ్లలో ఉద్యోగం పోయినవాళ్లు ఐదుగురు. యూనియన్ బల్ల అవతల కాకుండా పక్కన కూర్చుంటే ఎంత తేడా వస్తుందో ఆ అంకెలే చెబుతాయి. ఆ నమ్మకం డబ్బు దగ్గర కూడా పనికొచ్చింది. 2009లో ఆదాయం తగ్గినప్పుడు, ఒప్పందంలో ఉన్న 5.3 శాతం జీతాల పెంపును యూనియన్లు వదులుకున్నాయి.

ఒబామా ప్రభుత్వం 'రేస్ టు ది టాప్' కింద రాష్ట్రాలకు నిధులిచ్చింది. మోంట్‌గొమరీ వాటా దాదాపు 1.2 కోట్ల డాలర్లు. కానీ టీచర్ల మదింపులో పరీక్ష మార్కులు లెక్కలోకి తీసుకోవాలన్నది షరతు. దానికి ఒప్పుకుంటే ప్యానెల్ పద్ధతి దెబ్బతింటుందని కౌంటీ ఆ డబ్బు తీసుకోలేదు. వీస్ట్ 2011లో పదవీ విరమణ చేశారు. తర్వాత వచ్చిన జాషువా స్టార్ ఏడు తాళంచెవుల్ని పక్కన పెట్టారు, ప్యానెల్‌ని మాత్రం కదపలేదు.