ముప్ఫై ఏళ్ళ గడప

గడప దాటిన స్త్రీల గురించి మన సాహిత్యంలో చాలా చర్చే జరిగింది. చలం 'మైదానం'లో రాజేశ్వరి, ఓల్గా 'స్వేచ్ఛ'లో అరుణ ఎందుకు వెళ్ళారు, వెళ్ళి ఏం పొందారు, ఏం పోగొట్టుకున్నారు అని దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నాం. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, కొల్లేటి లంకల నుంచి కువైట్‌కో, మస్కట్‌కో, దుబాయ్‌కో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు కూడా గడప దాటినవాళ్ళే. కానీ వాళ్ళ గురించి మనం రాసిన దాంట్లో వాదన తక్కువ, జాలి ఎక్కువ. వాళ్ళు ఇంటి గడప తర్వాత ఇంకో గడప కూడా దాటాలి. అది ప్రభుత్వం పెట్టిన గడప. కథనో కవితనో చదివినట్టు ఆ నియమాన్ని కూడా స్త్రీవాద దృష్టితో చదవాల్సి ఉంది.

1983 వలసల చట్టం కింద పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు 'ఈసీఆర్' పాస్‌పోర్టు. దానితో గల్ఫ్ దేశాలకి పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. 2007లో కేంద్రం ఈ నియమాన్ని బిగించి, ఆ పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి ముప్ఫై ఏళ్ళు నిండకపోతే అనుమతి లేదంది. అదే పాస్‌పోర్టు ఉన్న ఇరవై ఏళ్ళ మగపిల్లాడికి ఈ అడ్డు లేదు. పదో తరగతి పాసైన ఆడపిల్లకీ లేదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకి అసలు ఆ ముద్రే ఉండదు. ఇక మిగిలిందెవరు? బడి మధ్యలో మానేసి చేపల చెరువు గట్టు మీదికో, వరినాట్లకో వెళ్ళిన దళిత, మత్స్యకార కుటుంబాల ఆడపిల్లలు. నియమంలో కులం పేరు ఎక్కడా లేదు. రాయాల్సిన అవసరం కూడా లేదు.

ముప్ఫై అనే అంకె ఎందుకు? జీతం ఎంత, గదికి లోపల గడియ ఉందా, వారానికో రోజు సెలవుందా, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది అన్న ప్రశ్నలకి ముందే వయసు అడ్డొస్తుంది. ముప్ఫై దాటకముందు ఆమె కాపాడవలసిన శరీరం, దాటాక పనిమనిషి. దెబ్బలు, ఆకలి, ఎగ్గొట్టిన జీతం వయసు చూసి రావు కదా! నియమం భయపడింది ఒకే ఒక ప్రమాదానికి. ఆ ప్రమాదం నిజమే. కానీ దాన్ని తప్పించడానికి యజమానిని కట్టడి చేయకుండా ఆమెని ఇంట్లో కూర్చోబెట్టడం మనకి బాగా తెలిసిన పద్ధతే. ఊళ్ళో పెద్దలూ అదే చేస్తారు.

కొల్లేరు వాళ్ళకి 'రక్షణ' అనే మాట కొత్త కాదు. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సుని కాపాడాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ పెట్టుబడి ఉన్నవాళ్ళు ఇంకో చోట చెరువు చూసుకోగలరు. సొసైటీ చెరువులో వాటా మీద, గట్టు మీద కూలి మీద బతికిన ఇల్లు చూసుకోలేదు. సరస్సుని కాపాడేవాళ్ళు ఇక్కడ పని లేదన్నారు. స్త్రీలను కాపాడేవాళ్ళు పని ఉన్న చోటికి వెళ్ళొద్దన్నారు. ఈ రెండు రక్షణల మధ్య ఆమె ఏం తిని బతకాలో ఎవరూ చెప్పలేదు.

అందుకని ఆమె వెళ్ళింది, దొంగదారిన. తాడేపల్లిగూడెం దగ్గర ఒకామె నాతో నవ్వుతూ చెప్పింది: "నాకు పుట్టినరోజు తెలీదండి మేడంగారూ. ఏజెంటే ఏసాడండి. నాకప్పుడు పాతికండి, కాయితంలో ముప్పై రెండు. ఇప్పుడు మా ఆయన కంటే నేనే పెద్దదాన్నండి. ఏమైతేనండి, పింఛను ముందొత్తాదంట." వయసు దిద్దని వాళ్ళకి విజిట్ వీసా దారి ఉంది. చుట్టాలింటికి వెళ్తున్నానని చెప్పి, అక్కడ దిగాక పనిలో చేరడం. అనుమతి తీసుకుని వెళ్ళినవాళ్ళకి 2003 నుంచి ప్రవాసీ భారతీయ బీమా ఉంది. ఇలా వెళ్ళినామెకి అదీ లేదు. ఏ ఇంట్లో ఉందో మన రాయబార కార్యాలయం దగ్గర లెక్క లేదు. ముప్ఫై లోపు స్త్రీని కాపాడటానికి పుట్టిన నియమం, ఆ వయసు స్త్రీనే అందరికంటే ఎక్కువ ప్రమాదంలో పెట్టింది.

కుటుంబాల మీద దీని దెబ్బ వెళ్ళేటప్పుడు కంటే తర్వాత తెలుస్తుంది. దొంగదారిన వెళ్ళినామె తల్లి చనిపోయినా, కూతురు పెద్దమనిషైనా రాదు. వస్తే మళ్ళీ విమానాశ్రయంలో ఆ కౌంటరు దాటగలనో లేదోనని భయం. రెండేళ్ళకని వెళ్ళి ఆరేడేళ్ళు ఉండిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. వెళ్ళొద్దన్న నిషేధం చివరికి తిరిగి రావద్దన్న నిషేధంగా మారుతుంది. ఇక్కడ పిల్లలు అమ్మమ్మని అమ్మా అనీ, అమ్మని 'కువైటమ్మ' అనీ పిలుస్తుంటారు. ఊరేమో "పిల్లల్నొదిలి పోయింది" అంటుంది. ఆమె ఎందుకు రాలేకపోతోందో ఊరికి తెలియదు. చెబితే ఏజెంటు, పాస్‌పోర్టు, వయసు అన్నీ బయటపడతాయి. అంచేత ఆమె ఆ నింద మోస్తుంది.

2020లో ఇది మరీ స్పష్టంగా కనిపించింది. మార్చిలో మన దేశం అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. ఏప్రిల్‌లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించి, కాగితాలు లేనివాళ్ళు జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చంది. వెళ్ళడానికి విమానం లేదు. మేలో ప్రత్యేక విమానాలు మొదలయ్యేదాకా వాళ్ళు రెండు దేశాలకీ అక్కర్లేనివాళ్ళయ్యారు. ఆగస్టులో కువైట్ మన దేశం నుంచి నేరుగా వచ్చేవాళ్ళని ఆపేసింది. సెలవు మీద వచ్చినవాళ్ళు ఈసారి ఇక్కడ చిక్కుకున్నారు. మూడో దేశంలో పద్నాలుగు రోజులుండి వెళ్ళే ఖర్చు ఇంటిపని చేసే మనిషి ఎక్కడ తెస్తుంది?

ఇక దేశాల సంగతి. 2014లో భారత ప్రభుత్వం కువైట్‌లో మన పనిమనిషిని పెట్టుకునే ఇంటివాళ్ళు 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలంది. జీతం ఎగ్గొడితే, టిక్కెట్టు ఇవ్వకపోతే ఆ డబ్బు పనికొస్తుందన్నది ఉద్దేశం. కువైట్ దాన్ని అవమానంగా తీసుకుని మన ఆడవాళ్ళకి వీసాలు ఆపేసింది. 2017లో మనవాళ్ళు ఆ షరతు ఎత్తేశారు. ఈ బేరం చూస్తే గురజాడ ఏ పేరు పెట్టేవాడో! ఇండొనేషియా 2015లో 21 దేశాలకి ఇంటిపనివాళ్ళని పంపడం ఆపినప్పుడు దేశ గౌరవం మాట వినిపించింది. 2023లో ఒక పనిమనిషి హత్య తర్వాత ఫిలిప్పీన్స్ కొత్తవాళ్ళని కువైట్ పంపడం ఆపింది. కువైట్ ఫిలిప్పీన్స్ వాళ్ళకి కొత్త వీసాలే ఆపి బదులిచ్చింది. హత్యకు గురైన స్త్రీ కథ రెండు ప్రభుత్వాల పరువు తగువులో కలిసిపోయింది. ఒక దేశం స్త్రీలు ఆగితే ఏజెన్సీలు ఇంకా చవకగా వచ్చే దేశం వైపు చూస్తాయి. వంటింట్లో చాకిరీ మాత్రం ఎప్పటిలాగే సాగుతుంది.

శ్రీలంక ఉదాహరణ ఇంకా సూటిగా ఉంటుంది. ఐదేళ్ళలోపు పిల్లలున్న తల్లులు ఇంటిపనికి విదేశం వెళ్ళకూడదని 2013లో నియమం తెచ్చింది. తల్లి వెళ్తే పిల్లలు పాడైపోతారన్నది వాదన. తండ్రి వెళ్తే పాడవరు కాబోలు. ఆర్థిక సంక్షోభం వచ్చి డాలర్లు కావలసి వచ్చిన 2022లో అదే ప్రభుత్వం స్త్రీల కనీస వయసుని 21కి దించింది. మాతృత్వం విలువ మారకం రేటుని బట్టి ఉంటుందని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇలాంటి నిషేధాలు జనం మనసులో కూడా పనిచేస్తాయి. గల్ఫ్ అంటే ఆడవాళ్ళని మింగే దేశం అన్న ఊహ మనకి, మన ఆడవాళ్ళంటే డిపాజిట్ కట్టి తెచ్చుకునే వస్తువన్న ఊహ అక్కడి ఇళ్ళకి బలపడతాయి. పనికీ జీతానికీ సంబంధించిన తగాదా రెండు జాతుల శీలం తగాదా అయి కూర్చుంటుంది. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్ళకి రోజుకి పన్నెండు గంటల పరిమితి, వారానికో సెలవు రాసింది. 2021లో ఇంటిపనివాళ్ళ మీద మన దేశానికీ కువైట్‌కీ ఒప్పందం కుదిరింది. అమలు ఎంతన్నది వేరే పోరాటం. కానీ ఈ కాగితాలు ఆమెని 'పని చేసే మనిషి' అంటున్నాయి. ముప్ఫై ఏళ్ళ నియమం ఏనాడూ ఆ మాట అనలేదు.

మన కథలు అన్నాయా? బెన్యామిన్ మలయాళ నవల 'ఆడుజీవితం' (2008)లో ఎడారిలో చిక్కిన మగవాడికి ఆకలీ, భయమూ, ప్రార్థనా, పశువులతో స్నేహమూ అన్నీ ఉన్నాయి. మన కథల్లో గల్ఫ్ వెళ్ళినామెకి తరచుగా రెండే ముగింపులు: శవపేటిక, లేదా అనుమానించే మొగుడు. రెండూ "వెళ్ళకపోతే బావుండేది" అనే చెబుతాయి. ప్రభుత్వం చెప్పేదీ అదే. అరబిక్ నేర్చుకుని బేరమాడినామె, ఆ డబ్బుతో తన పేరున స్థలం కొన్నామె, రెండోసారి తెలిసే వెళ్ళినామె మన పేజీల్లో ఎక్కడున్నారు? అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' ఆ సరస్సు ఎలా పోయిందో చెప్పింది. ఆ సరస్సు ఆడవాళ్ళు ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళారన్న నవల ఇంకా రావాలి. అది వాళ్ళ నోటి నుంచే, ఆ గోదావరి యాసలోనే వస్తే మరీ మంచిది.

అది వచ్చేలోగా స్త్రీల సంఘాలుగా మనం ఒక మాట తేల్చుకోవాలి. గల్ఫ్‌లో ఒకామె చనిపోయిన ప్రతిసారీ "ఆడవాళ్ళని పంపడం ఆపండి" అన్న డిమాండు మన నోటి నుంచి కూడా వస్తోంది. ఆపితే ఆమె ఆగదు. దొంగదారి పడుతుంది, అంతే. అడగవలసింది పదో తరగతి, వయసు చూడని అనుమతి, ఆమెకి తెలిసిన భాషలో ఒప్పందం, ఆపదలో తలుపు తీసే రాయబార కార్యాలయం. వాటితోపాటు, తల్లి చనిపోయిన కబురు వస్తే భయం లేకుండా విమానం ఎక్కి వచ్చి, కర్మకాండ అయ్యాక మళ్ళీ పనికి వెళ్ళగలిగే హక్కు.